కాయ దొరికేదాకా ఆగిన పేరు

నేను చదువుకున్న కళాశాల హెర్బేరియంలోని ఎండు మొక్కల నమూనాలన్నిటికీ ఫోటోలు తీసి కంప్యూటర్లలో భద్రపరుస్తున్నారనీ, లేబుళ్ల మీది పాత చేతిరాతలు చదివిపెట్టడానికి ఆ రోజుల్లో అక్కడ పనిచేసినవాళ్లెవరైనా వస్తే మేలనీ కబురందితే ఈ మధ్య వెళ్లాను. ఇనుప బీరువా తలుపు తెరవగానే నాఫ్తలీన్ ఉండలు, పాత జిగురు, ఏనాడో ఎండిన ఆకులు కలగలిసిన వాసన గుప్పున కొట్టింది. చేతికి మొదట వచ్చిన కట్ట తంగేడుదీ, దాని దగ్గరి చుట్టాలదీ. 42 సెంటీమీటర్ల పొడవు, 28 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న దళసరి కాగితం, దాని మీద దారంతో కుట్టిన కొమ్మ, కుడివైపు కింది మూలన లేబులు, ఆ లేబులు మీద వెలిసిపోయిన సిరాతో మా సారు చేతిరాత. ఆయన కాలం చేసి చాలా ఏళ్లయింది. ఆ మధ్యాహ్నమంతా నేను లేబుళ్లు చదువుతూనే ఉన్నాను గాని, మనసు మాత్రం ఆ కొమ్మలు కోసిన గుట్టల వెంటే తిరిగింది.

తంగేడు నాకు పుస్తకం ద్వారా పరిచయమైన మొక్క కాదు. తెలంగాణ పల్లెలో పుట్టినవాళ్లెవరికీ కాదు. ఊరి పొలిమేర దాటితే చాలు, రాళ్ల నేలలో, బీడులో, చెరువు కట్ట దిగువన, బండ్లబాట పొడవునా అదే కనిపించేది. పశువులు దాన్ని అంతగా ముట్టవు కనుక, మిగతా పచ్చదనమంతా మేతకు పోయిన చోట కూడా ఆ పొదలు నిలబడి ఉండేవి. బతుకమ్మ పండుగ రోజుల్లో నాయనమ్మ నన్ను తెల్లవారుజామునే లేపి, గంప చేతికిచ్చి గుట్టకు తీసుకెళ్లేది. గునుగు తేవడం వేరే పిల్లల వంతు, తంగేడు మా వంతు. వెలుగు రాకముందే వెళ్లాలి, లేకపోతే ముందు వెళ్లినవాళ్లు పూసిన కొమ్మలన్నీ కోసుకుపోతారు.

ఆ మసక చీకట్లో ఆమె చేత్తో తడిమి కొమ్మ విరిచేది. పువ్వు సరిగ్గా కనబడని వేళ అది తంగేడేనని ఎట్లా తెలుసని నేను అడిగితే, నా వేళ్లు పట్టుకుని ఆకు కాడ కొమ్మకు అతికిన చోట పెట్టి, "గీడ సూడు బిడ్డా, చెవులుంటయి" అన్నది. కాడకు అటూ ఇటూ గుండ్రంగా, పలచగా, అంచు తిరిగిన రెండు చిన్న ఆకులు నా వేళ్లకు తగిలాయి. ఇంటికి వచ్చాక ఆమె పూలను గుప్పెడు గుప్పెడుగా దారంతో కట్టి, మొదళ్లు సమంగా కోసి, నీళ్లు చల్లి, తడిగుడ్డ కప్పేది. సాయంత్రం తాంబాళంలో రంగులద్దిన గునుగు వరుసల మధ్య తంగేడు వరుస ఎక్కినప్పుడు, ఆ పసుపుకు మరే పసుపూ సాటిరాదని అనిపించేది. 2014లో తెలంగాణ ఏర్పడ్డాక తంగేడును రాష్ట్ర పుష్పంగా ప్రకటించినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆ తడిగుడ్డే.

అదే తంగేడుకు ఊళ్లో మరో బతుకు కూడా ఉండేది. ఊరి చివర, తోళ్లు నానబెట్టే గోతులుండే లంద దగ్గర తోళ్లను పదును చేసే కుటుంబాలు తంగేడు కొమ్మలను నరికి తెచ్చి, కర్రతో కొట్టి, బెరడు ఊడదీసి ఎండబెట్టేవి. ఎండిన చెక్కను దంచే చప్పుడు మధ్యాహ్నం పూట బడి దాకా వినిపించేది. ఆ బెరడులో ఉండే టానిన్లు తోలులోని మాంసకృత్తులను పట్టుకుని అది కుళ్లకుండా, నీటికి చెడకుండా చేస్తాయని చాలా కాలం తర్వాత చదువుకున్నాను. మోటబొక్కెనలు, చెప్పులు, కాడికి కట్టే వారులు, అన్నీ ఆ గోతుల్లోంచి వచ్చిన తోలుతో తయారైనవే. ఒక్క మా ఊరి సంగతే కాదు, దక్షిణ భారతంలోని తోళ్ల పరిశ్రమే ఒకప్పుడు చాలావరకు తంగేడు చెక్క మీద నడిచింది. దక్షిణాఫ్రికా నుంచి వాటిల్ అనే చెట్టు బెరడు దిగుమతి కావడం, క్రోమియం లవణాలతో తోలు పదును చేసే పద్ధతి రావడం వల్ల దాని గిరాకీ పడిపోయింది. మా ఊరి లంద ఎప్పుడు మూతపడిందో ఎవరూ ప్రత్యేకంగా గమనించలేదు. చప్పుడు ఆగిపోయిందంతే.

* * *

కళాశాలలో చేరిన తర్వాత మా సారు వెంట గుట్టలెక్కడం మొదలైంది. ఆయన మెడలో దారంతో వేలాడే పదింతల భూతద్దం, భుజాన గుడ్డసంచి, సంచిలో కొమ్మలు కోసే కత్తెర, పెన్సిలుతో రాసే చిన్న పుస్తకం, అట్ట చినిగి మళ్లీ కుట్టించుకున్న గ్యాంబుల్ ఫ్లోరా. 1915లో గ్యాంబుల్ మొదలుపెట్టి, ఆయన మరణించాక ఫిషర్ 1936 నాటికి పూర్తిచేసిన ఆ గ్రంథం మద్రాసు ప్రెసిడెన్సీ మొక్కలది. నిజాం ఇలాకా దాని పరిధిలోకి రాదు. అందుకే సారు దాన్ని ఎంత గౌరవంతో తెరిచేవారో, అంత జాగ్రత్తతోనూ వాడేవారు. అందులో చెప్పిన కొలతకూ మా గుట్ట మీది మొక్కకూ తేడా కనిపిస్తే, మొక్కదే పైమాట అని నమ్మిన మనిషి ఆయన.

మొదటిసారి తంగేడు దగ్గర ఆగినప్పుడు మేమందరం ఒక్కసారే పేరు చెప్పాము. ఆయన పూలగుత్తి మీద తన అరచెయ్యి అడ్డం పెట్టి, "ఇప్పుడు చెప్పు నాయనా, ఇదేమిటో, ఎందుకో" అన్నారు. పువ్వు ఏడాదిలో కొన్ని నెలలే ఉంటుందనీ, పువ్వు లేనప్పుడు గుర్తుపట్టలేని మొక్క మనకు తెలిసిన మొక్క కాదనీ ఆయన పట్టు. నేను ఆకు కాడ మొదలు దగ్గర వేలు పెట్టాను. నాయనమ్మ చూపిన ఆ చెవులకు పత్రపుచ్ఛాలు అనే మాట అప్పుడే నేర్చుకున్నాను. తంగేడులో అవి వెడల్పుగా, మూత్రపిండం ఆకారంలో ఉండి, ఆకు ముదిరినా రాలకుండా నిలుస్తాయి. దాని చుట్టాలలో చాలావాటికి పత్రపుచ్ఛాలు సన్నగా ఉంటాయి, లేదా త్వరగా రాలిపోతాయి.

ఆ తర్వాత ఆయన భూతద్దం నా చేతికిచ్చి సంయుక్త పత్రం మధ్య కాడను చూపించారు. తంగేడులో పత్రకాలు, అంటే ఆ కాడకు అటూ ఇటూ ఉండే చిన్నాకులు, సాధారణంగా 8 నుంచి 12 జతలుంటాయి. ప్రతి జత కలిసే చోటా మధ్య కాడ మీద బుడిపెలా నిటారుగా నిలబడిన సన్నని గ్రంథి ఒకటి ఉంటుంది. మామూలు చూపుకు అది నూగులో కలిసిపోతుంది. భూతద్దం కింద మాత్రం ఒకదాని తర్వాత ఒకటిగా, ఆకు చివరి దాకా, వరుస తప్పకుండా కనిపిస్తుంది. నేను ఆకు మొదలు నుంచి చివరి దాకా వాటిని ఒక్కొక్కటీ చూసుకుంటూ వెళ్లడం నాకిప్పటికీ స్పష్టంగా గుర్తుంది. పుట్టినప్పటి నుంచి చూస్తున్న మొక్కలో ఇంతకాలం ఇది ఉందా అనే ఆశ్చర్యం ఆ వయసులో చిన్నది కాదు.

ఇక ఆ రోజు నుంచి మాకు పసుపు పూల మొక్క ఎక్కడ కనబడినా గ్రంథులు వెతకడమే పని. చెడు వాసన వేసే కసిందకు ఆకు కాడ అడుగున ఒకే ఒక్క గ్రంథి. వానాకాలం దిబ్బల మీద గుంపులుగా మొలిచే తగిరిసకు మూడే జతల పత్రకాలు, గ్రంథులు కింది రెండు జతల మధ్యనే. అచ్చం తగిరిసలాగే ఉండి, అట్టడుగు జత మధ్య మాత్రమే గ్రంథి ఉన్నది దొరికితే అది వేరే జాతి, ఆబ్ట్యుసిఫోలియా. తామర మచ్చలకు ఆకు నూరి పూసే సీమ అవిసెకు గ్రంథులే ఉండవు, దాని కాయకు మాత్రం పొడవునా రెక్కలుంటాయి. రేల పెద్ద చెట్టు కాబట్టి దాన్ని ఎవరూ పొరబడరు గాని, దాని పువ్వులో మూడు పొడవైన కేసరాల కాడలు రెండు వంపులు తిరిగి ఉండటం చూడమని సారు ప్రత్యేకంగా చెప్పేవారు. ఆ వంపు రేలను తంగేడు గుంపు నుంచి వేరుచేసే గుర్తులలో ఒకటి.

పువ్వును ఆయన తక్కువ చేశారని కాదు. పువ్వు ముందు కూర్చోబెట్టి ఒక పొద్దంతా మాట్లాడించకుండా ఉంచిన రోజులున్నాయి. తంగేడు పువ్వులో తేనె ఉండదు. వచ్చే నల్లని తుమ్మెద పుప్పొడి కోసమే వస్తుంది. ఆ పుప్పొడి కూడా బయటికి రాలి ఉండదు, పరాగకోశాల చివరనున్న చిన్న రంధ్రాల వెనక దాగి ఉంటుంది. తుమ్మెద ఎగురుతూ వస్తున్నప్పటి ఝుంకారం ఒకటి, పువ్వును కాళ్లతో పట్టుకుని రెక్కలు కదల్చకుండా ఒంటి కండరాలను మాత్రం అదిలించినప్పటి మోత మరొకటి. రెండోది పైస్థాయిలో, తెంపుతెంపుగా వినిపిస్తుంది. ఆ అదురుకు పుప్పొడి రంధ్రాల్లోంచి చిమ్ముతుంది. పది కేసరాలలో పై మూడూ వట్టివి, నడిమివి తుమ్మెదకు ఆహారమిచ్చేవి, కింది పొడవైనవి తుమ్మెద ఒంటికి పుప్పొడి అద్ది మరో పువ్వుకు పంపేవి. కీలం, అంటే అండాశయం నుంచి సాగే సన్నని కాడ, కొన్ని పువ్వుల్లో ఎడమకు, కొన్నింట్లో కుడికి వంగి ఉంటుంది. కాగితాల మధ్య నొక్కిన పువ్వులో ఈ వంపు నమ్మడానికి వీలులేకుండా పోతుంది కనుక దాన్ని పొద దగ్గరే రాసుకోవాలని సారు నియమం. ఆ రాతలు ఆయన క్షేత్ర పుస్తకంలో చిన్న చిన్న గీతలుగా ఉండేవి, ఎడమకొకటి, కుడికొకటి.

* * *

సాయంత్రం గుట్ట దిగి వచ్చాక అసలు పని మొదలయ్యేది. పాత వార్తాపత్రికల మధ్య కొమ్మలను పరిచి, ఒక ఆకును బోర్లా, మిగతావాటిని వెల్లకిలా సర్ది, మధ్యమధ్య అద్దుడు కాగితాలు పెట్టి, చెక్క చట్రాల మధ్య పట్టీలతో బిగించేవాళ్లం. పట్టీ బిగించేటప్పుడు ఒకరు మోకాలు మోపి నొక్కాలి. మర్నాడు కాగితాలు మార్చాలి, ఆ తర్వాతా మార్చాలి, తడి పూర్తిగా పోయేదాకా మారుస్తూనే ఉండాలి. వానాకాలంలో కాగితాలు ఆరక, వసతిగృహం గదంతా తాడు మీద ఆరేసిన పత్రికలే ఉండేవి. తంగేడు ఆకు ఎండితే పత్రకాలు ఊడిపోవడానికి తయారుగా ఉంటుంది, కదిలించేటప్పుడు ఊపిరి బిగపట్టాలి. ఊడిపోయిన పత్రకాలను పారేయడానికి సారు ఒప్పుకునేవారు కాదు. చిన్న కాగితపు పొట్లంలో వేసి షీటు మీద ఒక మూలన అతికించేవారు. పురుగు పట్టకుండా మెర్క్యురిక్ క్లోరైడు కలిపిన ఆల్కహాలు పూసే పని మాత్రం ఆయన మాకు అప్పగించలేదు, కిటికీలన్నీ తెరిచి తానే చేసేవారు.

లేబులు రాయడం రాత్రి పని. చోటు, నేల తీరు, పొద ఎత్తు, పువ్వు రంగు, చుట్టూ పెరిగే ఇతర మొక్కలు, సేకరించినవారి పేరు, సంఖ్య. చివరన మొక్క పేరు. నిజానికి లేబులు మీద పేరు మొదట ఉంటుంది, కాని ఆయన దాన్ని చివరనే రాసేవారు.

పేరు రాయకుండా ఆపిన ఒక షీటు కథ ఈ కట్టలోనే ఉంది. పాత విడిది బంగళా ఆవరణలో గోడ వారగా నిలువెత్తు పొద ఒకటి విరగబూసి కనిపించింది. వెంట ఉన్న కొత్త విద్యార్థులు తంగేడే అన్నారు. దూరం నుంచి చూస్తే అనిపించడంలో తప్పు లేదు. దగ్గరికి వెళితే, పత్రపుచ్ఛాలు సన్నగా, కొడవలి వంపుతో ఉన్నాయి. గ్రంథులు కింది రెండు మూడు జతల మధ్యే ఉన్నాయి, పైకి లేవు. పువ్వు విప్పి చూస్తే పది కేసరాలూ నిండైనవే, వట్టివి ఒక్కటీ లేవు. ఇది సూరత్ పేరు మోస్తున్న సురాటెన్సిస్ అని అక్కడికక్కడే తేలింది. 1768లో బర్మన్ వర్ణించిన జాతి అది.

అయితే అక్కడితో ఆగలేదు. ఈ జాతిలో రెండు ఉపజాతులున్నాయని వృక్షశాస్త్రజ్ఞులైన లార్సెన్ దంపతులు ప్రతిపాదించిన వర్గీకరణను సారు ఒక అట్ట ముక్క మీద తన చేత్తో ఎత్తిరాసుకున్నారు. ఒకదానికి 6 నుంచి 9 జతల చిన్న పత్రకాలు, 7 నుంచి 10 సెంటీమీటర్ల కాయ. రెండోదానికి, అంటే గ్లౌకా అనే ఉపజాతికి, 4 నుంచి 6 జతల పెద్ద పత్రకాలు, 15 నుంచి 20 సెంటీమీటర్ల పొడవైన, వెడల్పయిన కాయ. గ్లౌకాను లామార్క్ 1785లోనే ప్రత్యేక జాతిగా వర్ణించి ఉన్నాడు. మా పొద మీద ఆకులు లెక్కపెడితే ఎక్కువ ఆకులకు 6 జతలు వచ్చాయి. సరిగ్గా రెండు ఉపజాతులూ కలిసే అంకె. పత్రకాల పొడవు కొలిస్తే గ్లౌకా వైపు మొగ్గింది గాని, నీడన పెరిగిన కొమ్మకు ఆకు పెద్దదవుతుందని సారు దాన్ని ఒక్కదాన్నే సాక్ష్యంగా ఒప్పుకోలేదు. పొద నిండా పూలే, కాయ ఒక్కటీ లేదు. ఆ రాత్రి ఆయన జాతి పేరు వరకూ రాసి, ఉపజాతి అని రాసి, పక్కన ఖాళీ వదిలేశారు. మాలో ఒకరు, అన్నీ గ్లౌకా వైపే కనబడుతున్నాయి కదా, రాసేద్దామన్నారు. "కాయ చూసి రాద్దాం, తొందరేముంది" అన్నారాయన.

ఉపజాతి అనగానే పనిలేని పని అనుకునేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. నేను ఒప్పుకోను. ఒకే జాతి మొక్కలు వేర్వేరు ప్రాంతాలలో చాలా కాలం పెరిగి నిలకడైన తేడాలు సంతరించుకుని, ఇంకా పూర్తిగా విడిపోకుండా ఉన్న స్థితికి మనం పెట్టుకున్న పేరది. ఆ తేడా నిజంగా నిలకడైనదా, లేక ఎండనూ నీడనూ బట్టి మారేదా అన్నది తేల్చడానికి ఒక కొమ్మ చాలదు, ఒక ఋతువు చాలదు. అందుకే ఆ ఖాళీ నాకు నిర్లక్ష్యంగా కాదు, ఆ షీటు మీద ఉన్న రాతలన్నిటిలోకీ ఎక్కువ శ్రద్ధతో చేసిన పనిగా కనిపిస్తుంది.

కాయలు ముదిరే రోజుల్లో సారు ఆ బంగళాకు మళ్లీ వెళ్లారు. నేనూ వెంట ఉన్నాను. కాయ తెంపి, చెక్క స్కేలు మీద పెట్టి, కింద నుంచి పై దాకా కొలిచి, ఒక్కటి చాలదని మరికొన్నింటిని కొలిచి, చిన్నది కూడా 15 సెంటీమీటర్లు దాటిందని చూసుకున్నాక గ్లౌకా అని రాశారు. ఆ కాయను అదే షీటు మీద, పూల కొమ్మ పక్కన, తెచ్చిన కాలం వేరని తెలిసేలా వేరే సంఖ్యతో కుట్టారు.

ఆ షీటు ఇప్పుడు చూస్తే దాని మీద మరో రెండు చీటీలు అతికి ఉన్నాయి. 1982లో ఇర్విన్, బార్నెబీ అనే అమెరికన్ శాస్త్రవేత్తలు కాసియా అనే పెద్ద ప్రజాతిని, అంటే దగ్గరి జాతుల గుంపును, విడదీసి చాలా మొక్కలను సెన్నా అనే ప్రజాతిలోకి మార్చారు. తంగేడు కూడా అట్లా సెన్నా ఆరిక్యులేటా అయింది, అయితే ఆ పేరును వాళ్లు కొత్తగా పెట్టలేదు. సామర్లకోటలో తోట పెంచి, కోరమాండల్ తీరపు మొక్కలను బొమ్మలు వేయించిన రాక్స్‌బర్గ్ వాడిన పేరే అది, ఆయన మరణానంతరం 1832లో అచ్చయిన గ్రంథంలో ఉంది. గ్లౌకాను ఇప్పుడు చాలామంది ఉపజాతిగా కాక, సెన్నా సల్ఫ్యూరియా అని విడి జాతిగానే చూస్తున్నారు. ఒక చీటీ ప్రజాతి మార్పుది, రెండోది ఈ మార్పుది. హెర్బేరియంలో పాత పేరును చెరపరు, దాని పక్కనే కొత్త చీటీ అతికిస్తారు. అది నాకు చాలా నచ్చే ఆచారం. ఎవరు ఏ ఆధారంతో ఏమనుకున్నారో అన్నీ ఒకే కాగితం మీద ఉంటాయి. పేరు ఎన్నిసార్లు మారినా, స్కేలు మీద కొలిచిన ఆ కాయ మారలేదు కనుక, ఆ షీటు ఈనాటికీ పనికొస్తున్నది.

నేల తంగేడు షీట్లు కూడా ఈ కట్టలోనే ఉన్నాయి. నేలబారున పాకే ఆ చిన్న మొక్క ఇటాలికా జాతిది, మన దేశంలో దొరికేది దానిలో మైక్రాంథా అనే చిన్న పూల ఉపజాతి. దీన్ని వేరుచేసినవాడు లండన్‌లోని క్యూ ఉద్యానంలో పనిచేసిన బ్రెనన్. ఎర్రనేల గట్ల మీద దానికోసం మోకాళ్ల మీద కూర్చుని వెతికిన రోజుల గురించి మరోసారి విడిగా రాయాలి.

ఇప్పుడు నాకు ఫోన్లో పసుపు పూల ఫోటోలు చాలా వస్తుంటాయి. పాత విద్యార్థులు, వాళ్ల పిల్లలు, ఎవరో చెబితే రాసేవాళ్లు, అందరూ పువ్వును నిండుగా, అందంగా తీసి పంపి పేరు అడుగుతారు. పువ్వు ఒక్కటే చూసి పేరు చెప్పను. ఆకు కాడ మొదలు దగ్గరగా తీయమంటాను, పత్రకాల జతల మధ్య భాగం తీయమంటాను, కాయ ఉంటే పక్కన స్కేలు పెట్టి తీయమంటాను. కొందరు మళ్లీ రాయరు. మొన్న ఒక అమ్మాయి తన బడి ఆవరణలోని పొద గురించి అడిగి, రెండు రోజుల తర్వాత మూడు ఫోటోలూ పంపింది. గ్రంథులు ప్రతి జత మధ్యనా ఉన్నాయి, పత్రపుచ్ఛాలు వెడల్పుగా గుండ్రంగా ఉన్నాయి, స్కేలు పక్కన పలచని కాయ 9 సెంటీమీటర్లు చూపిస్తున్నది. తంగేడు అని రాసి, పువ్వు విప్పినప్పుడు కీలం ఎటు వంగిందో కూడా చూసి చెప్పమని అడిగాను.